ఇరవై పూతల కింద ఇనుము

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, తెల్లవారుజామున మూడు గంటల నలభై నిమిషాలకు పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో మా చెల్లెలు కమల ఇంటి ముందు తెల్ల వ్యాను స్టార్టయింది. వారానికోసారి స్టార్టు చేసి ఆపడం తప్ప ఆరు నెలలుగా రోడ్డెక్కని బండి అది. ఒక్క తాళానికే అందుకుంది. కమల స్టీరింగు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "చూశావా అక్కా, ఎలా పలికిందో," అంది.

ఈ బండి గురించి ముందే కొంత చెప్పాలి. మా మరిది సింహాచలం, అంటే కమల భర్త, ముప్పై ఒక్క ఏళ్లు ఓడల మరమ్మతు యార్డులో రంగులు వేశాడు. విశాఖలో ఉండే నాకు ప్రతి ఉగాదికీ ఫోను చేసి ఒకే మాట అనేవాడు: "వదినా, ఒకసారి రండి. డిగ్లీపూర్ దాకా మా బండిలో తీసుకెళ్తాను. అక్కడితో రోడ్డు అయిపోతుంది. రోడ్డు అయిపోయే చోటు మీ విశాఖలో చూపించగలరా?" మా ఆయన పదకొండేళ్లు మంచం మీద ఉన్నారు. నాకు కదలడానికి వీలు కాలేదు. ఆయన పోయి నాకు వెసులుబాటు వచ్చేసరికి ఇక్కడ సింహాచలం కూడా పోయాడు, నిరుడు ఆగస్టు పంతొమ్మిదిన.

వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పోయిన నెల నుంచీ అందరూ కమలకు చెబుతున్నది ఒకటే, బండి అమ్మేయమని. ఊళ్లోనే మిడిల్ పాయింట్ నుంచి ఇద్దరు వచ్చి బేరం కూడా పెట్టారు. ఇరవై ఏళ్లు దాటిన బండి, అరవై ఎనిమిదేళ్ల ఆడమనిషి, ఏం చేసుకుంటావన్నారు. కమల మాత్రం ఆయన చేతి రంగు ఉన్నంత కాలం దానికేమీ కాదనేది. నేను ఫిబ్రవరి ఎనిమిదిన విమానం దిగగానే తన ఆలోచన చెప్పింది. ఆయన మాట ఇచ్చాడు, బండి ఉంది, తనకు డ్రైవింగు వచ్చు. డిగ్లీపూర్ దాకా వెళ్లి వచ్చిన బండిని అమ్మమని ఇక ఎవరూ అనరు. డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే.

ఆ విధంగా బయల్దేరాం. నాకు డెబ్బై నాలుగు.

అడవి దారి

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరానికి వెళ్లాలంటే జిర్కాటాంగ్ చెక్ పోస్టు దగ్గర ఆగక తప్పదు. అక్కడి నుంచి జారవా ఆదివాసులు ఉండే అడవి. వాహనాలన్నీ వరసకట్టి, ముందూ వెనకా పోలీసులతో, నిర్ణయించిన వేళకే కదలాలి. మేము ఆరు గంటల వరసకు అందుకోవాలని అంత పెందరాళే బయల్దేరాం. ఐదుంబావుకే చేరాం. టీ పదిహేను రూపాయలు, మినప వడ పది. మా వీధి చివర కొట్లో టీ పన్నెండు, వడ పది. సముద్రం దాటి వచ్చిన మినపప్పుకు అదే ధర ఎలా గిట్టుబాటవుతోందని అడిగాను. కొట్టతను తమిళుడు. వడ సైజు చూడమ్మా అన్నాడు. చూశాను. గిట్టుబాటవుతుంది.

ఎండ పొడుస్తుండగా వరస కదిలింది. అడవిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ఆ నియమాలు నాకు నచ్చాయి. ఒకరి ఇంటి మధ్యలోంచి దారి వేసుకుని వెళ్తున్నవాళ్లం కనీసం తొంగిచూడకుండా వెళ్లాలి. నేను అద్దం ఎత్తి, ముందు బండి నెంబరు పలక మీదే చూపు పెట్టుకున్నాను. ముందున్న కారులోని కుర్రకారు మాత్రం అటూ ఇటూ మెడలు సాచి చూస్తూనే ఉన్నారు.

కమల బండి బాగా నడుపుతుంది. మలుపులో హారను ఎక్కడ కొట్టాలో, ఏ గుంట ఎడమ చక్రానికి ఇవ్వాలో ఆమెకు తెలుసు. మా నాన్న మాకు సైకిలు కూడా ముట్టనివ్వలేదు. భీమిలి దగ్గర మా ఊళ్లో జట్కా కూడా వెనక సీట్లోనే ఎక్కిన పిల్ల, 1979లో పెళ్లయి ఓడెక్కి వచ్చి, ఈ అడవిలో లారీల మధ్య గేర్లు మారుస్తోంది. ఆ గంటన్నరా నేను చెల్లెలి చేతులే చూశాను.

పాయ దగ్గర

మిడిల్ స్ట్రెయిట్ అనే చోట అడవి ఆగి ఉప్పునీటి పాయ వస్తుంది. బండ్లూ మనుషులూ బల్లకట్టు లాంటి పెద్ద పడవ మీద దాటాలి. తర్వాత వచ్చే రెండో పాయ మీద వంతెన వేశారు. దీనికి ఇంకా పడవే దిక్కు. కమల బండిని పడవ మీదికి ఎక్కించింది. నేను నడిచి ఎక్కుతుంటే పడవకూ గట్టుకూ మధ్య సందులో నా ఎడమకాలి చెప్పు జారిపోయింది. పసుపు బనీను వేసుకున్న పడవ మనిషి నీళ్లలోకి తొంగి చూసి, మొసలికి ఒకటే ఇచ్చావేం మాతాజీ, జత ఉంటే తొడుక్కునేది కదా అని హిందీలో అన్నాడు. పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను. కమల సీటు వెనక నుంచి రబ్బరు చెప్పులు తీసి ఇచ్చింది. అవి సింహాచలానివి. నా కాలికి రెండు వేళ్ల పొడుగు ఎక్కువ. మిగతా ప్రయాణమంతా వాటితోనే నడిచాను.

బారాటాంగ్‌లో పూరీ, బఠాణీ కూర తిన్నాం. ప్లేటు యాభై. అక్కడ అందరూ కమలను దీదీ అనే పిలిచారు. మా వైపు ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని ఏమని పిలవాలో తేల్చుకోవడానికి వయసూ, బొట్టూ, చీరా చూస్తారు. ఇక్కడ ఒక్క మాటతో సరిపెడతారు. ఆరు నెలల క్రితం బొట్టు తీసేసిన మనిషికి అది తేలికగా ఉందని కమల అంది.

వంతెన దాటి కదమ్‌తల సమీపించే చోట రోడ్డు బాగు చేస్తున్నారు. రాళ్లు లేచిపోయిన గుంటలో ముందు ఎడమ చక్రం దిగింది. కింద టక్కుమంది. తర్వాత ప్రతి గుంటకూ ఆ చప్పుడు. కమల రేడియో కట్టేసి, వేగం తగ్గించి, తల కొంచెం పక్కకు వంచి నడిపింది. నేను అడిగితే, "ఎండకి పట్టేసి ఉంటుందిలే," అంది. నాకు బండ్ల సంగతి తెలియదు గాని, ఎండకు పట్టే చప్పుడు కాదని మాత్రం తెలిసింది.

రంగత్, మొదటి రోజు

పన్నెండుకు పది నిమిషాలుండగా రంగత్ చేరాం. బజారు చివర నూకరాజు షెడ్డు. బోర్డు హిందీలో, ఇంగ్లీషులో ఉంది. మనిషి తెలుగువాడు. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చాడట. ఈయన ఇక్కడే పుట్టాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. యాభై ఏళ్ల మనిషి, వాగుడెక్కువ. మేము దిగీ దిగకుండానే మా ఇంటిపేర్లు, కులం, విశాఖలో చేపల ధర అడిగేశాడు. కోనేం కిలో తొమ్మిది వందలంటే నవ్వాడు. ఇక్కడ అందులో సగమూ ఉండదట. ఉల్లిపాయ ధర మాత్రం నన్ను అడగొద్దన్నాడు.

బండిని జాకీ మీద ఎత్తి, కిందికి దూరి, అడుగంతా చేత్తో తడిమాడు. తర్వాత కింద నుంచే అడిగాడు.

"దీదీ, ఇది బండా, జహాజా?"

"ఏం?"

"నట్టేదో, బోల్టేదో, బాడీ ఏదో ఏటీ తెలీట్లేదు. అంతా రంగే. ఎవులు కొట్టారీ రంగు?"

"మా ఆయన. ఓడలకి రంగులేసేవారు."

"అదీ మాట. ఓడ మీద లోహా కనిపిస్తే సాలు, బుర్ర అక్కర్లేదు, బుర్రుసే."

కమల ముఖం చూసి ఆ జోకు మళ్లీ వేయలేదు.

సంగతి ఇది. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంటుంది. లోయర్ ఆర్మ్ అంటారు. దాని లోపలి కొస బండి అడుగున ఉన్న రెండు ఇనప చెవుల మధ్య కూర్చుంటుంది. చెవుల్లోంచి ఆర్మ్‌లోంచి ఒక పొడుగాటి బోల్టు వెళ్తుంది. మధ్యలో బుష్ అనే రబ్బరు గుండు. ఆ బుష్ అరిగిపోయింది. అందుకే చప్పుడు. బుష్ రంగత్ బజారులోనే తునివాళ్ల కొట్లో దొరికింది, రెండు వందల ఎనభై రూపాయలు. దాన్ని మార్చాలంటే బోల్టు ఊడాలి. బోల్టు ఊడితే గంట పని. లేకపోతే ఆ చక్రంతో డిగ్లీపూర్ కాదు, పెట్రోలు బంకు దాకా కూడా పోనివ్వనన్నాడు.

మా విశాఖ ఆటోనగర్‌లోనైతే పట్టేసిన బోల్టును కోసి అవతల పారేసి కొత్తది బిగిస్తారు. ఇక్కడ కోసే ముందు ఆలోచించాలి. ఆ సైజు బోల్టు రంగత్‌లో లేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి రావాలి. అక్కడా లేకపోతే ఓడలో రావాలి, ఓడ ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి. అందుకని నూకరాజు బోల్టును చంపకుండా తీస్తానన్నాడు. ఆ మాటకు కమల ప్రాణం కుదుటపడింది.

సన్నటి ఉలి, సుత్తి, ఇనప బ్రష్షు పట్టుకుని రంగు గీకడం మొదలుపెట్టాడు. కింద గోనెపట్టా పరిచాడు. కమల బండి పక్కన నేల మీద గొంతుక్కూర్చుంది. ప్రతి ఏప్రిల్‌లో, వానలకు ముందు, సింహాచలం బండి అడుగున ఒక పూత వేసేవాడు. ఆ ఏడు యార్డులో ఏ ఓడకు ఏ రంగు మిగిలితే అది. ఉలి కింద పొరలు రేకులుగా లేస్తుంటే కమలకు ఒక్కొక్కటీ తెలుస్తోంది. పైన బూడిద రంగు నిరుటిది. అప్పటికే దగ్గు ఎక్కువైంది. అందుకే బ్రష్షు గీతలు వంకరగా ఉన్నాయంది. దాని కింద తెలుపు, తర్వాత రెండు నీలాలు.

"ఈ ఆకుపచ్చ డెక్కు రంగు," అంది. "ఆ ఏడే నాకు గర్భసంచి ఆపరేషను. ఆసుపత్రి నుంచి దీన్లోనే తెచ్చాడు. గుంట వస్తే బండి ఆపి, దిగి చూసి, మళ్లీ ఎక్కి నడిపాడు."

నూకరాజు ఉలి ఆపి, ఆకుపచ్చ రేకు ఒకటి తీసి పక్కన పెట్టాడు. కమల దాన్ని తీసుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఎదురుగా ఉన్న బెంగాలీ ఆవిడ హోటలుకు వెళ్లాం. ఆమె అత్తగారి కుటుంబాన్ని తూర్పు బెంగాలు నుంచి తెచ్చి ఇక్కడ భూమి ఇచ్చారట. ఆవ పెట్టిన చేప పులుసు, అన్నం, పప్పు. ఎంతని ముందే అడిగాను. తినే ముందు ధర అడగడం నా అలవాటు. "ముందు తిను దీదీ, హిసాబ్ చేపకి చేదు," అంది. నూట అరవై తీసుకుంది. చేప బాగుంది. కమల రెండు ముద్దలు తిని లేచింది.

సాయంత్రం దాకా రంగు గీకడం, తుప్పు వదిలించే నూనె పొయ్యడం, ఆగడం. అయిదుంబావుకు పానాకు పైపు తొడిగి నూకరాజు వేలాడాడు. నట్టు మూలలు అరిగి పానా జారింది. తప్పు సైజు పానా పెట్టినందుకు తన్ను తనే తిట్టుకున్నాడు. గ్యాసు మంట పెట్టి నట్టును ఎర్రగా కాల్చి మళ్లీ తిప్పితే కిర్రుమని కదిలింది. నట్టు ఊడి వచ్చింది. కమల లేచి నిలబడి నా భుజం పట్టుకుంది.

"ఇంక బోల్టొక్కటే దీదీ. రేపు సుబా నీ బండి నీకిచ్చేస్తా," అన్నాడు.

ఆ పూట లాడ్జిలో పడుకున్నాం. గది ఎనిమిది వందలు, బకెట్టు నీళ్లతో సహా. కమల రేపటికి మాయాబందర్‌లో ఎక్కడ తినాలో చెబుతూ నిద్రపోయింది.

రంగత్, రెండో రోజు

ఫిబ్రవరి 12, బుధవారం. మేము ఏడింటికి వెళ్లేసరికి నూకరాజు బండి కిందే ఉన్నాడు.

బోల్టు తిరుగుతోంది. బయటికి మాత్రం రావడం లేదు. బుష్ మధ్యలో ఇనప గొట్టం ఒకటి ఉంటుంది. బోల్టూ అదీ తుప్పుతో ఒకటైపోయాయి. సుత్తితో కొడితే బోల్టుతో పాటు ఆర్మ్ మొత్తం ఊగుతోంది. తొమ్మిదిన్నర దాకా కొట్టాడు, నూనె పోశాడు, కాల్చాడు. రబ్బరు కాలిన పొగ షెడ్డంతా కమ్మింది. చివరికి బయటికి వచ్చి కమల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కొయ్యక తప్పదన్నాడు. బోల్టుకు ఇక్కడి బస్సు డ్రైవరుతో పోర్ట్ బ్లెయిర్ కబురు పెడతాననీ, అదృష్టం బాగుంటే రేపు సాయంత్రానికి వస్తుందనీ అన్నాడు. కమల ఒక రోజుకు ఏమీ కాదులే అంది. నేనూ అదే అన్నాను.

ఆర్మ్‌కూ చెవికీ మధ్య సందులో రంపపు బ్లేడు దూర్చి కోశాడు. ముప్పావుగంట పట్టింది. బోల్టు తల వైపు ముక్క చెవిలోనే ఉండిపోయింది. దాన్ని లోపలి నుంచి బయటికి కొట్టడానికి ఇనప కడ్డీ ఆనించి, మోస్తరు దెబ్బ ఒకటి వేశాడు. పెద్ద దెబ్బ కూడా కాదు.

బోల్టు వచ్చింది. దానితో పాటు చెవి కూడా వచ్చింది.

విరిగిన చప్పుడేమీ కాలేదు. తడిసిన అట్టముక్క చిరిగినట్టు వచ్చి గోనెపట్టా మీద పడింది. నూకరాజు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బయటి వైపు ఇరవై పూతల రంగు, వేలి గోరంత మందాన, గట్టిగా, మెరుస్తూ ఉంది. లోపల ఇనుము ఉండాల్సిన చోట గోధుమరంగు పొడి ఉంది. వేళ్ల మధ్య నలిపితే రాలింది.

చెవి పోతే కొత్త చెవి వెల్డింగు చేయొచ్చు. కాని వెల్డింగు అంటుకోవడానికి పక్కన మంచి ఇనుము కావాలి. నూకరాజు చిన్న సుత్తి తీసుకుని బండి అడుగంతా తట్టుకుంటూ వెళ్లాడు. మంచి ఇనుము టంగుమంటుంది. ఇది కొబ్బరి బోండాం మీద తట్టినట్టు పలికింది. ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి తలుపు కింది దాకా, అక్కడి నుంచి వెనక చక్రం దాకా తట్టాడు. కమలా నేనూ నిలబడి విన్నాం. ఒక్కచోట టంగుమంది. మేమిద్దరం ముందుకు వంగాం. అది వెనక చక్రం మీది పట్టీ, బాడీ ఇనుము కాదన్నాడు.

"మరి నిన్నటిదాకా ఎలా నడిచింది?" కమల అడిగింది.

"రంగు మీద నడిచింది దీదీ."

కమల టీ గ్లాసులు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. అప్పుడు నూకరాజు గొంతు తగ్గించి నాకు చెప్పాడు. తుప్పు చూస్తే ఈ బండి ఎప్పుడో ఉప్పునీళ్లలో మునిగినట్టుందట. తడి ఆరకుండా దాని మీదే రంగు కొట్టారు. ఉప్పు లోపలే ఉండిపోయింది. రంగు వెయ్యకుండా వదిలేసి ఉంటే తుప్పు పైకి కనిపించేది, అప్పుడే ఆ భాగం కోసి కొత్త రేకు వేసుకునేవారు. ప్రతి ఏడూ రంగు వేసి వేసి, లోపల తినేస్తున్నదాన్ని కప్పిపెట్టారు.

"లేకిన్ అమ్మా, ఆవిడికి సెప్పాలా?" అన్నాడు.

నేను చెబుతానన్నాను. ఎలా చెప్పాలో తేల్చుకునేలోపే కమల గ్లాసులతో తిరిగి వచ్చింది. వాటిని బల్ల మీద బోర్లించి, చేతులు చీర చెంగుకు తుడుచుకుని, సరాసరి నూకరాజునే అడిగింది.

"ఆయన రంగు వెయ్యకపోతే ఇంకా ముందే పోయేదా?"

నూకరాజు నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"పోయేది దీదీ. ఎప్పుడో పోయేది. రంగు వల్లే ఇన్నేళ్లు నిలబడింది."

ముప్పై ఆరేళ్లు సహకార బ్యాంకులో లెక్కలు చూశాను. తప్పు కూడిక కంటపడితే మేనేజరుదైనా వదల్లేదు. ఆ రోజు వదిలేశాను.

బండిని రంగత్‌లోనే వదలాల్సి వచ్చింది. విప్పి, పనికొచ్చే భాగాలు తీసుకుంటానన్నాడు. మేము ఊరు దాటేదాకా ముట్టుకోవద్దని కమల అడిగింది. సరేనన్నాడు. సీటు కవర్లు, దేవుడి బొమ్మ, వెనక ఉన్న నీళ్ల క్యాను దించుకున్నాం. కూలీ పన్నెండు వందలు తీసుకున్నాడు. తీసుకోవలసిందే, ఒకటిన్నర రోజు పని. చివరికి కమల తాళం ఆయన చేతిలో పెట్టి, క్లచ్చి కొంచెం పైన పడుతుంది చూసుకో అంది. అంటూనే ఆగిపోయింది. నూకరాజు మాత్రం, "సూసుకుంటా దీదీ," అన్నాడు.

తిరుగు బస్సు

ఫిబ్రవరి 13, గురువారం. పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కాం. డిగ్లీపూర్ బస్సు కూడా పక్కనే నిలబడి ఉంది. దాంట్లో వెళ్దామా అని అడిగాను. ఇంకెందుకంది.

కిటికీ పక్క సీటు నాకిచ్చి కమల ఇటు కూర్చుంది. కుడికాలు అప్పుడప్పుడు నేలకు నొక్కుతోంది, బస్సు డ్రైవరు బ్రేకు వెయ్యాల్సిన చోట. వంతెన దాటాం. తర్వాత, నేను అడగకుండానే చెప్పింది.

"పంపు దగ్గర గోడ అవతలే ఉన్నాను అక్కా. నూకరాజు నీతో చెప్పింది విన్నాను."

ఆ తర్వాత సంగతంతా మొదటి నుంచి చెప్పింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీ నాటి పొద్దున బండి పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని సిప్పీఘాట్‌లో సింహాచలం స్నేహితుడి ఇంటి ముందు ఉంది. అక్కడ నేల కుంగి సముద్రం లోపలికి వచ్చి నిలిచిపోయింది. సీట్ల దాకా నీళ్లు. మూడో రోజు తాళ్లు కట్టి లాగించాడు. మంచినీళ్లతో కడగాలి, కీలు కీలూ విప్పాలి, నెల రోజులు ఆరబెట్టాలి, ఆ తర్వాతే రంగు వెయ్యాలి అన్నాడట. కడగడానికి మంచినీళ్లు లేవు. తాగడానికే లేవు. శిబిరాలకు నీళ్ల డబ్బాలు మోయడానికి, మనుషుల్ని తిప్పడానికి వాడలో నడిచే బండి కావాలి. ఇంజను విప్పి ఎలాగో నడిపించి, అడుగున తడి మీదే ఎర్రరంగు ఒక పూత కొట్టి, ఇప్పటికి ఆగుతుందిలే అని రోడ్డెక్కించాడు. తర్వాత ఏప్రిల్‌లో విప్పుదామని ఒకచోట గీకి చూశాడు.

"నేనే టార్చి పట్టుకున్నాను," అంది కమల. "లోపల చూసి చాలాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత డబ్బా తెమ్మన్నాడు. రంగు కలిపి ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి ఏడూ నేనే కలిపి ఇచ్చాను. పైన పొర గట్టిగా ఉంటే లోపల ఎలా ఉన్నా నిలబడుతుందేమో చూద్దాం కమలా అనేవాడు. నిలబడింది కదా."

"మరి అన్నీ తెలిసి నూకరాజుని ఎందుకడిగావు?"

కమల బస్సు ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తోంది.

"మీ మరిది తప్పు చెయ్యలేదని ఎవరైనా ఒకసారి అంటే వినాలనిపించింది."

కాసేపటికి మళ్లీ అంది.

"నువ్వు వెళ్లాక ఇదంతా రాస్తావు, నాకు తెలుసు. రాసుకో. కాని తెలియక చేశాడని రాయకు. పెయింటరుకి అది అవమానం. తెలిసే చేశాడని రాయి."

రాశాను.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సు దిగి పడవ ఎక్కేటప్పుడు పసుపు బనీను మనిషి నా పాదాల వైపు చూసి, మగవాళ్ల చెప్పులు గుర్తుపట్టి, ఏదో అనబోయి కమలను చూసి మానేశాడు. మీ బండేదని ఆమెను అడిగాడు. రంగత్‌లో ఉందంది కమల. ఎప్పుడొస్తుందని అతను అడగలేదు.

ఈ ప్రయాణంలో పోయినవి ఇవి.

ఒక చెప్పు, ఎడమకాలిది.
ఒక బోల్టు, రెండు ముక్కలుగా.
ఒక బుష్, కొత్తది, వాడనిది. తునివాళ్లు వెనక్కి తీసుకోలేదు.
ఒక వ్యాను, ఇరవై పూతల రంగుతో సహా.
డిగ్లీపూర్.
కమల డ్రైవింగు. లైసెన్సు 2028 జూన్ దాకా చెల్లుతుంది. రంగత్‌లో తాళం ఇచ్చిన తర్వాత ఆమె మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు.